క్యాంపర్ వాన్ రెండో గేర్ గర్రుమంటోంది, రివర్స్ అసలే పడట్లేదు. గేర్‌బాక్స్ దింపాలా?

నీలివాను | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు.

మాది 1974 ఫోక్స్‌వాగన్ టైప్ 2 క్యాంపర్. వెనక ఎయిర్ కూల్డ్ ఇంజిన్, నాలుగు గేర్ల మాన్యువల్. కొని ఎనిమిది నెలలైంది. లోపల మంచం, కర్టెన్లు అన్నీ మేమే కుట్టుకుని బిగించుకున్నాం. బండి మాత్రం రోజుకో రకంగా మొండికేస్తోంది.

మొదటి గేర్ కోసం వెతుక్కోవాలి. ఒక్కోసారి మొదటిది అనుకుని వేస్తే మూడోది పడి బండి ఆగిపోతుంది. మూడు నుంచి రెండుకి దిగేటప్పుడు గర్రుమంటుంది. రివర్స్ వేస్తే వీధంతా తిరిగి చూసేంత చప్పుడు, అదీ మూడో ప్రయత్నానికి గానీ పడదు. దగ్గర్లోని ఒక షెడ్డులో చూపిస్తే ఆయన కిందికి వంగకుండానే "గేర్‌బాక్స్ పోయిందమ్మా, దించాల్సిందే" అన్నాడు. మంచం కుట్టుకున్న సంతోషం ఆ ఒక్క మాటతో ఆవిరైంది. నిజంగా దించాల్సిందేనా?

గ్రీజుచేతులు | శనివారం రాత్రి 10:05

దించాల్సిందే. యాభై ఏళ్ల బాక్స్ అది. సింక్రో రింగులు (గేర్ పడే ముందు వేగాలు కలిపేవి) అరిగితేనే రెండో గేర్ గర్రుమంటుంది. ఇంకొన్నాళ్లు అలాగే నడిపితే గేర్ పళ్లు కూడా పోతాయి, అప్పుడు ఖర్చు రెట్టింపు. నేను నాది మొత్తం విప్పించి బేరింగులు, రింగులు అన్నీ మార్పించాను. ఇప్పుడు వేలితో తోస్తే గేర్ పడుతుంది.

పాతచక్రం | శనివారం రాత్రి 10:31

ఆగండి ఆగండి. డాక్టరు నాడి పట్టకుండానే కత్తి తీసినట్టుంది.

అమ్మా, మీరు చెప్పిన మూడూ ఒకే జబ్బు కాకపోవచ్చు. గేర్ కోసం వెతుక్కోవడం ఒకటి, రివర్స్‌లో గర్రుమనడం ఒకటి, రెండో గేర్ ఇంకొకటి. ఒక్కోదానికి ఒక్కో కారణం ఉండొచ్చు. అందులో రెండిటికి గేర్‌బాక్స్ ముట్టుకోనక్కరలేదని నా అనుమానం.

ఈ బళ్లలో గేర్‌బాక్స్ ఎక్కడో వెనక ఇంజిన్ దగ్గర ఉంటుంది. లివర్ మన మోకాలి పక్కన ఉంటుంది. రెండిటికీ మధ్య నేల కింద నుంచి పొడవాటి రాడ్డు వెళ్తుంది. ఆ రాడ్డు ముందు ఒక ప్లాస్టిక్ బుష్ (ఉంగరంలాంటి తొడుగు) లోంచి జారుతూ తిరుగుతుంది, వెనక ఒక జాయింటుతో బాక్స్‌కి తగులుకుంటుంది. బుష్ అరిగినా జాయింటు వదులైనా మీ చేతి కదలికలో సగం దారిలోనే పోతుంది. బాక్స్ దాకా చేరదు. మీరు మొదటి గేర్ అడుగుతారు, దానికి మూడో గేర్ అని వినిపిస్తుంది.

రేపు పగటి వెలుగులో రెండు పరీక్షలు చేయండి.

మొదటిది, ఇంజిన్ ఆపేసి క్లచ్ తొక్కి అన్ని గేర్లూ వేసి చూడండి. తేలిగ్గా పడితే ఆ రాడ్డు బాగున్నట్టే, అప్పుడు కూడా వెతుక్కోవాల్సి వస్తే తేడా రాడ్డు దారిలో ఉన్నట్టు.

రెండోది, బండి సమతలంగా ఉన్న చోట నిలబెట్టి, చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసుకుని, ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుండగా క్లచ్ నేలకంటా తొక్కి ఐదారు సెకన్లు ఆగి అప్పుడు రివర్స్ వేయండి. రివర్స్‌కి సింక్రో ఉండదు. క్లచ్ పూర్తిగా విడిపోతే ఆ ఐదు సెకన్లలో లోపలి షాఫ్టు ఆగిపోయి గేర్ నిశ్శబ్దంగా పడాలి. అంతసేపు ఆగినా గర్రుమందంటే షాఫ్టు ఇంకా తిరుగుతూనే ఉంది, క్లచ్ పూర్తిగా విడవడం లేదు. అప్పుడు తప్పు గేర్లది కాదు.

గ్రీజుచేతులు | శనివారం రాత్రి 10:40

సరే, పరీక్ష చేసి చూడమనండి. చివరికి నా మాటే నిజమవుతుంది.

కొండదారి | ఆదివారం ఉదయం 7:15

నాది టీ3 (మీ వాన్‌కి తర్వాతి తరం), కాబట్టి మీ బండికి సరిగ్గా సరిపోదు. టీ3 క్లచ్ హైడ్రాలిక్, బ్రేక్‌కీ దీనికీ ద్రవం డబ్బా ఒకటే. మీది కేబుల్. అయినా ఈ దారం (ఈ చర్చ) రేపు ఏ టీ3 వాళ్లో వెతుక్కుంటూ వచ్చి చదువుతారు కాబట్టి రాస్తున్నాను.

టీ3లో గేర్ పడకపోతే క్లచ్‌ని గబగబా మూడు నాలుగుసార్లు తొక్కి చూడండి. అప్పుడు గేర్ చక్కగా పడిందంటే లైనులో గాలి ఉంది, లేదా పైన పెడల్ తొక్కితే ద్రవాన్ని తోసే మాస్టర్ సిలిండరో, ఆ ద్రవంతో క్లచ్‌ని కదిపే బాక్స్ దగ్గరి స్లేవ్ సిలిండరో కారుతోంది. నాకైతే ముందు తెలిసింది చెప్పుకి. పెడల్ పైనున్న మాస్టర్ సిలిండర్ సీలు పోయి చుక్క చుక్క నా కుడి చెప్పు మీద పడేది. వాన నీళ్లు కారుతున్నాయనుకుని వారం రోజులు కిటికీ రబ్బరు తిట్టుకున్నాను. ఒకరోజు వేలికి రాసుకుని చూస్తే జిగటగా ఉంది. బ్రేక్ ద్రవం పెయింటును తినేస్తుంది, తగిలిన చోట వెంటనే నీళ్లతో కడగండి.

పాతచక్రం | ఆదివారం ఉదయం 7:48

కొండదారి గారూ, కుడి చెప్పా? క్లచ్ ఎడమ కాలు కదా 😄

కొండదారి | ఆదివారం ఉదయం 7:52

ఎడమే. పొద్దున్నే టీ తాగకుండా రాశాను.

నీలివాను | ఆదివారం మధ్యాహ్నం 1:20

రెండూ చేశాను. మా అబ్బాయి పక్కన కూర్చుని సెకన్లు లెక్కపెట్టాడు.

ఇంజిన్ ఆపితే గర్రు లేదు, కానీ వెతుక్కోవడం అలాగే ఉంది. లివర్ న్యూట్రల్‌లో ఉండగానే అటూ ఇటూ చేయెడు ఊగుతోంది. ఇంజిన్ నడుస్తుండగా ఆరు సెకన్లు ఆగి రివర్స్ వేస్తే గర్ర్‌ర్. పది సెకన్లు ఆగినా అదే.

ఇంకొకటి, ఇది ముఖ్యమో కాదో తెలీదు. క్లచ్ పెడల్ పైన సగం దూరం వరకు ఏ బరువూ తెలీదు, ఖాళీగా దిగుతుంది. కొన్నప్పటి నుంచీ అంతే కాబట్టి పాత బండి పెడల్ ఇలాగే ఉంటుందనుకున్నా.

పాతచక్రం | ఆదివారం మధ్యాహ్నం 2:02

ముఖ్యమా అని అడుగుతున్నారు! అసలు సంగతే అది.

పెడల్ పైభాగంలో ఖాళీ ఆట 10 నుంచి 20 మి.మీ. ఉండాలి. వేలితో నొక్కితే అంత దూరం తేలిగ్గా దిగి ఆ తర్వాత బరువు తగలాలి. మీకు సగం దూరం ఖాళీ అంటే మీ కాలు నేలకి తగిలేసరికి క్లచ్ ఇంకా సగమే విడుతోంది. రివర్స్ గర్రు కారణం అదే అయ్యుండాలి. రెండో గేర్ గర్రులో కూడా దాని వాటా ఉండొచ్చు. క్లచ్ విడవనప్పుడు పాపం సింక్రో రింగు మాత్రం ఎంతని ఆపగలదు?

సర్దడం వెనక నుంచి. గేర్‌బాక్స్ పక్కన క్లచ్ చేయి ఉంటుంది, కేబుల్ దానికి వింగ్ నట్‌తో పట్టి ఉంటుంది. నట్ బిగిస్తే ఆట తగ్గుతుంది. రెండు జాగ్రత్తలు. నట్ తిప్పేటప్పుడు కేబుల్ చివరను ప్లయర్‌తో కదలకుండా పట్టుకోండి, లేకపోతే కేబులే మెలిపడుతుంది. నట్ రెక్కలు చేయి మీదున్న గాడిలో కూర్చున్నాయో లేదో చూడండి, కూర్చోకపోతే నాలుగు రోజుల్లో దానంతటదే వదులవుతుంది. ఆట అసలు లేకుండా బిగించేయకండి. అప్పుడు క్లచ్ పూర్తిగా పట్టక జారుతుంది, క్లచ్‌ని నొక్కి విడిపించే రిలీజ్ బేరింగ్ కూడా అరుగుతుంది.

కేబుల్ చివర వంపు గొట్టం కూడా చూడండి. అది తిన్నగా ఉండకూడదు, మధ్యలో 25 నుంచి 45 మి.మీ. కిందికి వంగి ఉండాలి. ఆ వంపు తక్కువైతే బండి కదిలేటప్పుడు వణుకుతుంది, ఎక్కువైతే కేబుల్ త్వరగా తెగుతుంది. గొట్టానికీ బ్రాకెట్‌కీ మధ్య వాషర్లు వేసో తీసో సర్దుతారు.

కిందికి దూరే ముందు చక్రాలకి దిమ్మలు పెట్టండి, బండిని స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాని మీద నమ్మకం పెట్టుకుని ఎవరూ కింద పడుకోవద్దు.

కొత్తడ్రైవరు | ఆదివారం సాయంత్రం 4:30

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నా వాన్‌లో ఏ గేరూ గర్రుమనదు గానీ, మూడో గేర్‌లో పోతూ యాక్సిలరేటర్ వదిలితే లివర్ టప్పున న్యూట్రల్‌కి వచ్చేస్తుంది. మలుపుల్లో టెన్షన్‌గా ఉంటోంది. చేత్తో పట్టుకుని నడుపుతున్నాను.

గ్రీజుచేతులు | ఆదివారం సాయంత్రం 4:55

కొత్త దారం తెరిస్తే బాగుండేది తమ్ముడూ, సరే.

యాక్సిలరేటర్ వదిలినప్పుడే జారితే లోపల గేర్ పూర్తిగా కూర్చోవడం లేదని. ముందు బయటివి చూడు. గేర్‌బాక్స్, ఇంజిన్ మౌంటు రబ్బర్లు తెగాయా? తెగితే యాక్సిలరేటర్ వదలగానే ఇంజిన్, బాక్స్ కలిసి కొంచెం కదులుతాయి. లివర్ నీ చేతి దగ్గర అలాగే ఉంటుంది, బాక్స్ మాత్రం జరుగుతుంది, గేర్ ఊడిపోతుంది. లివర్ సర్దుబాటు తప్పినా ఇంతే. ఇవి రెండూ బాగుంటే అప్పుడు లోపల గేర్‌ని తోసే ఫోర్కో, గేర్‌ని పట్టి ఉంచే పళ్లో (డాగ్ టీత్) అరిగినట్టు. దానికి దించక తప్పదు.

చేత్తో పట్టుకుని నడపడం మానెయ్. నీ చేతి బరువు లోపల ఫోర్క్ మీద పడి దాన్ని ఇంకా అరగదీస్తుంది.

మూడోగేర్ | ఆదివారం రాత్రి 8:10

గ్రీజుచేతులు కూడా "ముందు బయటివి చూడు" అనేదాకా వచ్చారంటే ఈ దారం చరిత్రలో నిలిచిపోవాలి.

నీలివాను గారూ, క్లచ్ సంగతి తేలేలోపు ఆయిల్ కూడా చూసుకోండి. కొన్నాక మార్చారా? కింద రెండు ప్లగ్గులుంటాయి, రెండిటికీ 17 మి.మీ. అలెన్ కీ. ఒకటి పక్కన పైన, ఆయిల్ పోసేది. ఇంకొకటి అడుగున, దించేది. ముందు పైది ఊడుతుందో లేదో చూశాకే కిందిది విప్పండి. నేను ఉత్సాహంగా కిందిది విప్పి ఆయిలంతా ట్రేలోకి దించేశాక పైది తుప్పుపట్టి బిగుసుకుపోయిందని తెలిసింది. బండి రెండు రోజులు ఖాళీ కడుపుతో అక్కడే పడుంది.

పట్టేది సుమారు 3.5 లీటర్లు. కొలత కన్నా నమ్మదగింది, బండి సమతలంగా ఉండగా పోసే రంధ్రం అంచు నుంచి ఆయిల్ కారడం మొదలయ్యేదాకా పోయడం. జీఎల్-4 రకం గేర్ ఆయిల్, చిక్కదనం 80డబ్ల్యూ-90 ఉన్నది వాడండి.

దించిన ఆయిల్‌ని పారేయకుండా వెలుగులో చూడండి. ప్లగ్ అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి బురద ఉంటే అది వయసు, కంగారు వద్దు. గోటితో తీయగలిగే ముక్కలుంటే, లేదా ఆయిల్‌లో ఇత్తడి మెరుపు కనబడితే అప్పుడు గ్రీజుచేతులు గారి మాట వినాలి.

కొత్తడ్రైవరు | ఆదివారం రాత్రి 8:22

జీఎల్-5 ఇంకా కొత్త రకం కదా, పెద్ద నంబరు మంచిది కాదా?

మూడోగేర్ | ఆదివారం రాత్రి 8:41

అందరూ పడే గుంట అదే. నంబరు పెద్దదైతే మెరుగని కాదు, పని వేరని. జీఎల్-5లో గంధకం, భాస్వరం ఉన్న ఒత్తిడి తట్టుకునే మందులు ఎక్కువ. కిరీటం గేర్ల మీద బరువు పడే డిఫరెన్షియల్‌కి అది బాగుంటుంది. సింక్రో రింగు పని చేసేది రాపిడితో. రింగు గేర్‌ని పట్టుకుని వేగం కలపాలి. మరీ జారుడుగా ఉంటే పట్టు దొరకదు. పైగా కొన్ని జీఎల్-5 ఆయిళ్లు ఇత్తడి, కంచు భాగాలకి పడవు. రెండు ప్రమాణాలకీ సరిపోతాయని రాసిన ఆయిళ్లు ఉన్నాయి, వాటి మీద కొట్లాట ఇంకో దారంలో నూట యాభై జవాబుల దాకా సాగింది. బండి పుస్తకంలో ఏముంటే అది పోసుకుంటే గొడవే లేదు.

గర్రు పోతుందని డబ్బాలో అమ్మే మందులు మాత్రం కలపొద్దు. రాపిడి తగ్గించే మందు కలిపి, రాపిడితో పనిచేసే రింగు బాగుపడాలని కోరుకోవడం ఏం లెక్క?

నీలివాను | బుధవారం రాత్రి 9:15

మూడు రోజులుగా సాయంత్రాలన్నీ బండి కిందే గడిచాయి. జుట్టులో గ్రీజు ఇంకా పోలేదు.

క్లచ్: పెడల్ ఆట కొలిస్తే 70 మి.మీ.! వింగ్ నట్ గాడిలో కాకుండా అడ్డంగా కూర్చుని ఉంది, మీరన్నట్టే. కేబుల్ చివర రెండు పోగులు తెగి ముళ్లలా లేచి ఉన్నాయి, వేలికి గుచ్చుకుంది కూడా. అందుకని సర్దడం మానేసి కొత్త కేబులే వేశాం. ఇప్పుడు ఆట 15.

రాడ్డు: అబ్బాయి పైన లివర్ కదుపుతుంటే నేను కింద టార్చి పెట్టి చూశాను. వాడు ఇంత దూరం కదిపాక గానీ రాడ్డు కదలడం మొదలవదు! ముందు బుష్‌ని వేలితో తాకితే ఎండిన మట్టిపెళ్లలా పొడి పొడిగా నా ముఖం మీద రాలింది. రాడ్డు చుట్టూ అసలు ఏమీ మిగల్లేదు, ఇనుము మీద ఇనుము రాసుకుని మెరుస్తోంది. కొత్త బుష్ తెప్పిస్తున్నా. వెనక జాయింటు కూడా వదులే. దాని స్క్రూ చేత్తో తిరిగింది.

ఇప్పుడు కేబుల్ మార్చాక ఐదు సెకన్ల పరీక్షలో రివర్స్ చప్పుడు లేకుండా పడింది. నమ్మలేక నాలుగుసార్లు వేశాను.

పాతచక్రం | బుధవారం రాత్రి 9:50

శభాష్! ఆ షెడ్డాయన కిందికి ఒక్కసారి వంగి ఉంటే సరిపోయేది.

బుష్ వేసేటప్పుడు గ్రీజు బాగా పట్టించండి, ఒట్టిగా తొడిగితే మళ్లీ కీచుమంటుంది. వెనక జాయింటు కూడా కొత్తది వేసి, దాని స్క్రూ బిగించాక తప్పకుండా సన్న తీగ చుట్టి కట్టేయండి. ఈ స్క్రూ అదురుకి వదులైతే ఎక్కడో నడిరోడ్డు మీద అన్ని గేర్లూ ఒకేసారి పోతాయి.

లివర్ విప్పినప్పుడు కింద ఒక చిన్న రేకు పలక వస్తుంది, పొరపాటున రివర్స్‌లోకి పోకుండా ఆపేది. దాన్ని తీసే ముందే ఫోటో తీసుకోండి. తిప్పి పెట్టారంటే రివర్స్ పడదు, లేదా రెండో గేర్‌కి వెళ్తూ రివర్స్‌లో పడుతుంది. అన్నీ బిగించాక లివర్ సరిగ్గా నిలబడకపోతే దాని అడుగు బోల్టులు వదులు చేసి ముందుకీ వెనక్కీ కొంచెం జరిపి, నాలుగు గేర్లూ రివర్సూ పడేచోట బిగించండి. ఓపిక కావాలి, అరమిల్లీమీటర్‌కి కూడా తేడా తెలుస్తుంది.

విడిభాగాలు కొనేముందు మీ బాక్స్ ఏదో చూసుకోండి. 1975 దాకా వచ్చిన వాటిలో 002 రకం బాక్స్, 1976 నుంచి 091 రకం. మీది 1974 అయినా ఇన్నేళ్లలో ఎవరో మార్చేసి ఉండొచ్చు.

కొండదారి | గురువారం ఉదయం 6:58

కేబుల్ ముందే చూసుకోవడం మంచిదైంది. దారిలో తెగితే ఏం చేయాలో కూడా ఇక్కడే రాసి పెడతాను. పాత కేబుల్ బండిలో నాకు ఒకసారి జరిగింది.

పెడల్ నేలకి పడిపోయి లేవలేదు. ఇంజిన్ ఆపి మొదటి గేర్ వేసి, ముందు ఎవరూ లేరని చూసుకుని తాళం తిప్పాను. స్టార్టర్ మోటారే బండిని రెండు కుదుపులు లాగింది, ఇంజిన్ అందుకుంది, నడక మొదలు. రెండో గేర్‌కి యాక్సిలరేటర్ వదిలి లివర్‌ని న్యూట్రల్‌కి లాగి, ఇంజిన్ వేగం పడిపోతుండగా రెండో గేర్ వైపు వేలితో నొక్కి పట్టుకోవాలి, బలవంతం చేయకూడదు. వేగాలు కలిసిన క్షణంలో దానంతటదే లోపలికి జారుతుంది. ఆ క్షణం చేతికి భలే తెలుస్తుంది. ఆగాల్సి వస్తే న్యూట్రల్ చేసి, ఇంజిన్ ఆపి, మళ్లీ మొదటి నుంచి. అలా పదకొండు కిలోమీటర్లు వచ్చాను. రద్దీలో, ఎత్తుల్లో మాత్రం ఈ సాహసం వద్దు, పక్కకి ఆపి లాగించుకోండి.

కొత్తడ్రైవరు | గురువారం రాత్రి 10:12

గ్రీజుచేతులు అన్నా, ముందరి మౌంటు రబ్బరు రెండుగా చీలిపోయి ఉంది! చీలికలో వేలు దూరింది. మార్చాను. మూడో గేర్ నిలబడుతోంది. లివర్ మీద నుంచి చెయ్యి తీయడానికి ఇంకా ధైర్యం చాలట్లేదు.

గ్రీజుచేతులు | గురువారం రాత్రి 10:20

తీసెయ్. పోతే మళ్లీ ఇక్కడే ఉంటాం.

నీలివాను | ఆదివారం సాయంత్రం 6:05

బుష్, జాయింటు వేసి ఆయిల్ కూడా మార్చాం (పై ప్లగ్గు ముందు విప్పాను మూడోగేర్ గారూ). అయస్కాంతం మీద బురదే, ముక్కల్లేవు. ఈ రోజు నలభై కిలోమీటర్లు తిప్పాం.

మొదటి గేర్‌కి వెతుకులాట లేదు. రివర్స్ ఒక్కసారికే. కానీ నిజం చెప్పాలి కదా, మూడు నుంచి రెండుకి దిగేటప్పుడు గర్రు పూర్తిగా పోలేదు. నెమ్మదిగా వేస్తే లేదు, త్వరపడితే ఉంది. మిగతా గేర్లన్నీ బాగున్నాయి.

గ్రీజుచేతులు | ఆదివారం సాయంత్రం 6:18

హమ్మయ్య. మిగతావన్నీ నేనే తప్పు, రెండో గేర్ దగ్గర మాత్రం గెలిచాను. క్లచ్ బాగుండి, ఒక్క గేర్‌కే, అదీ కిందికి దిగేటప్పుడే అంటే ఆ గేర్ సింక్రో రింగు అరిగినట్టే. ఎక్కువ పని పడే రింగు అది.

పాతచక్రం | ఆదివారం సాయంత్రం 6:44

ఒప్పుకుంటున్నాను, అది రింగే. కానీ ఆ ఒక్కదాని కోసం ఇప్పుడే దించమని చెప్పను. గేర్ జారట్లేదు, ఆయిల్‌లో ముక్కల్లేవు, బేరింగ్ ఊళ లేదు. ఎప్పుడో క్లచ్ ప్లేట్ మార్చాల్సి వస్తుంది, అప్పుడు ఎలాగూ ఇంజిన్ దించుతారు కదా, బాక్స్ పని కూడా దాంతో కలిపి చేయించుకోవచ్చు.

అప్పటిదాకా రెండోదానికి డబుల్ క్లచ్ చేయండి. క్లచ్ తొక్కి మూడు నుంచి న్యూట్రల్‌కి తెండి. క్లచ్ వదలండి. యాక్సిలరేటర్‌ని ఒక్కసారి తట్టండి. మళ్లీ క్లచ్ తొక్కి రెండు వేయండి. రింగు చేయాల్సిన పని మీ కాలు చేస్తుందన్నమాట. చదివితే హరికథలా ఉంటుంది, వారం అలవాటైతే అరసెకను పని. ఇలా చేసినప్పుడు గర్రు పూర్తిగా పోతే అది రింగే అనడానికి ఇంకో రుజువు కూడా దొరికినట్టు.

నీలివాను | ఆదివారం రాత్రి 9:30

ఇప్పుడే చీకట్లో మళ్లీ ఒక రౌండు వేసొచ్చాం. మొదటి ఆరుసార్లు బండి గుర్రంలా ఎగిరింది, అబ్బాయి తల కర్టెన్ రాడ్డుకి కొట్టుకుంది. ఏడోసారి సైలెంట్‌గా పడింది! వాడు "అమ్మా, గేర్ వేశావా?" అని అడిగాడు. అంత నిశ్శబ్దం.

అందరికీ చాలా చాలా థాంక్స్. వచ్చే వారం రెండు రాత్రుల ప్రయాణం పెట్టుకున్నాం.

పాతచక్రం | ఆదివారం రాత్రి 9:41

సంతోషం అమ్మా. జాయింటు స్క్రూకి తీగ చుట్టారా?

నీలివాను | ఆదివారం రాత్రి 9:43

…టార్చి ఎక్కడ పెట్టానో వెతుకుతున్నాను.